వంద రోజుల లెక్క

పోస్టు పొడుగ్గా ఉంటుంది, పండగ పనుల మధ్య హడావిడిగా చదవకండి. రాత్రి భోజనాలయ్యాక చదవండి.

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు మన సంఘంలో జరిగిన చిన్న గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన కాలనీ పిల్ల, పుట్టిన ఏడాది నిండకముందే థలసీమియా అని తేలిన పిల్ల, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ పెరిగిన పిల్ల, మూలుగ మార్పిడి చేయించుకుని చంద్రపూర్ తిరిగొచ్చింది. ఆ పిల్లకు రక్తం ఇచ్చినవాళ్ళు మనలోనే ముప్పై నలభై మంది ఉంటారు. కాబట్టి సంఘం తరఫున శాలువా, బంతిపూల దండ, మిఠాయి పెట్టె పట్టుకుని పదిహేను మందిమి బయలుదేరాం. తల్లి గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమనుకోకండి అన్నా. లోపలికి ఎవ్వరూ రావద్దు. పూలైతే అసలే వద్దు. ఇంకా వంద రోజులు నిండలే" అంది.

మేము ఏమనుకోకుండా ఎలా ఉంటాం? అనుకున్నాం. "రక్తం కావాల్సినప్పుడు మేం కావాలి, ఇప్పుడు గడప దాటనివ్వరు" అని ఒకాయన అక్కడే అన్నాడు. నేను అక్కడ అనలేదు, ఇంటికొచ్చి మన గ్రూపులో రాశాను. అరగంటకు తీసేశాను కానీ చదవాల్సినవాళ్ళు అప్పటికే చదివేశారు. ఆ పిల్ల ఆ రోజు కిటికీ దగ్గర కూచుని, నాయనమ్మ రంగు కాగితాలతో పేర్చిన బతుకమ్మను ఒళ్ళో పెట్టుకుని, వీధిలో ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరగడం చూసిందని మా ఆవిడ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వంద రోజుల లెక్క ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను. ఏడాదిగా చదివింది, ఆ తల్లిదండ్రులను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

ముందు మూలుగ అంటే ఏమిటో చెప్పాలి. నల్లి బొక్క కొరికినప్పుడు లోపల మెత్తగా దొరుకుతుందే, అదే. మన రక్తమంతా పుట్టేది అక్కడ. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, గాయమైతే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, అన్నిటికీ తల్లి కణాలు అందులోనే ఉంటాయి. వాటినే మూలకణాలు, స్టెమ్ సెల్స్ అంటున్నారు. మూలుగ పాడైతే, లేదా పుట్టుకతోనే తప్పుడు రక్తం తయారుచేస్తుంటే, దాన్ని మందులతో ఖాళీ చేసి ఇంకొకరి మూలకణాలను నరం ద్వారా ఎక్కిస్తారు. చూడడానికి మామూలు రక్తం సీసాలాగే ఉంటుందట. కోత లేదు, కుట్లు లేవు. ఎక్కించిన రోజును సున్నా అంటారు. అక్కడినుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలవుతుంది.

ఈ వైద్యానికి మూలం ఒక ఘోరంలో ఉంది. 1945లో హిరోషిమా, నాగసాకి మీద బాంబులు పడ్డాక, రేడియేషన్ తగిలినవాళ్ళ మూలుగ చచ్చిపోతోందని డాక్టర్లు గమనించారు. దాన్ని మళ్ళీ మొలిపించవచ్చా అని ఎలుకల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. మనుషుల మీద చేసి చూసినవాడు ఇ. డానల్ థామస్. ఆయన అప్పుడు పనిచేస్తున్నది ఏ మహానగరంలోనో కాదు, న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో. 1957లో ఆయన ఆరుగురు రోగుల సంగతి ప్రచురించాడు. మూలుగ ఎక్కించడం కుదురుతుందని అందులో రుజువైంది. కానీ ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా వంద రోజులు దాటలేదు.

ఇది చదివినప్పుడు ఆ తల్లి మాట గుర్తొచ్చి నా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. ఆ వందకూ ఈ వందకూ నేరుగా సంబంధం ఉందని నేను అనను. కానీ వంద రోజులు దాటడం అనేది ఈ వైద్యంలో మొదటినుంచీ కట్టెదుట నిలబడ్డ గట్టు.

1958లో యుగోస్లావియాలోని వించా అణు రియాక్టరులో ప్రమాదం జరిగి ఆరుగురికి రేడియేషన్ తగిలింది. వాళ్ళను ప్యారిస్ తీసుకెళ్తే జార్జ్ మాథే అనే డాక్టరు ఐదుగురికి ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించాడు. ముక్కూ మొహం తెలియని పరదేశులకు, అదీ అప్పటిదాకా సరిగ్గా నిలవని చికిత్సకు, బొక్కలోంచి మూలుగ తీయించుకోవడానికి ఒప్పుకున్న ఆ దాతల గురించి ఎవరైనా పుస్తకం రాస్తే బాగుండు. ఆ తర్వాత పదేళ్ళూ ఎక్కువగా చావులే. 1970లో మోర్టిమర్ బోర్టిన్ అప్పటిదాకా జరిగిన 200కు పైగా మార్పిడులను ఒకచోట చేర్చి లెక్క చూస్తే, దాదాపు అందరూ పోయారు. చాలామంది డాక్టర్లు ఇక ఇది మనుషులకు పనికిరాదని వదిలేశారు.

ఎందుకు పోయారు? అవయవ మార్పిడిలో మన ఒళ్ళు కొత్త కిడ్నీని పరాయిదని తోసేస్తుంది. మూలుగ మార్పిడిలో ఇంకో చిక్కు కూడా ఉంది, అది దీనికి తిరగేసింది. రోగనిరోధక శక్తి అంతా మూలుగలోంచే పుడుతుంది కదా. కొత్త మూలుగతో వచ్చిన తెల్ల కణాలు తామే ఇంటివాళ్ళమనుకుంటాయి, ఈ ఒళ్ళే పరాయిదనుకుంటాయి. చర్మాన్ని, పేగును, కాలేయాన్ని కొరకడం మొదలుపెడతాయి. అద్దెకొచ్చినవాడు ఇంటి యజమానిని బయటకు గెంటినట్టన్నమాట. దీన్ని జీవీహెచ్‌డీ అంటారు. వంద రోజుల లోపల వస్తే ఒక రకం, దాటాక వస్తే ఇంకో రకం అని చాలాకాలం లెక్కించేవాళ్ళు. ఇప్పుడు లక్షణాలను బట్టి చెబుతున్నారు కానీ వంద అనే మాట మాత్రం వార్డుల్లో అలాగే మిగిలిపోయింది.

దీనికి అడ్డుకట్ట రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, దాతకూ రోగికీ కణాల గుర్తులు కలుస్తాయా అని ముందే చూడగలగడం. ఈ హెచ్ఎల్ఏ గుర్తుల్లో మొదటిదాన్ని 1958లో జాన్ దోసే కనిపెట్టాడు, 1980లో నోబెల్ వచ్చింది. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి ఇవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మన పిల్లకు తమ్ముడివి కలిశాయి.

రెండోది ఒక మందు. ఇక్కడ మనవాడొకడు కథలోకి వస్తాడు.

యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. రాజమండ్రిలో చదువు, మద్రాసు మెడికల్ కాలేజీ, తర్వాత అమెరికా. సొంత అన్న స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయాడు. అటువంటి రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945 ప్రాంతంలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద ఆయనే. (ఆ ఫోలిక్ ఆమ్లం కథ కూడా మన మహారాష్ట్రలోనే మొదలైంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ ముంబయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరీక్షిస్తూ ఈస్టు సారంతో అది తగ్గుతోందని చూపించింది.) ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే మందులు తయారుచేసింది. అమినాప్టెరిన్, దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో రక్త క్యాన్సరు పిల్లల్లో కొందరికి కొన్ని నెలలైనా జబ్బు వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గుండె ఆగి చనిపోయాడు.

సరిగ్గా పదేళ్ళకు, 1958లో, డెల్టా అఫాఫ్ అనే శాస్త్రవేత్త మూలుగ ఎక్కించిన ఎలుకలకు మెథోట్రెక్సేట్ ఇచ్చి చూసింది. పరాయి కణాల దాడి తగ్గింది. ఆ తర్వాత థామస్ బృందం కుక్కల మీద అదే నిలబెట్టింది. 1963లో థామస్ సియాటెల్ చేరాడు. రైనర్ స్టార్బ్ వంటివాళ్ళతో కలిసి అక్కడ మనుషులకు వాడిన పద్ధతిలో మెథోట్రెక్సేట్‌ను మార్పిడి తర్వాత 1, 3, 6, 11 రోజుల్లో ఇచ్చేవాళ్ళు. 1986లో దానికి సైక్లోస్పోరిన్ జతచేస్తే ఫలితం ఇంకా మెరుగని స్టార్బ్ చూపించాడు. ఈరోజుకీ ప్రపంచంలో ఎన్నోచోట్ల ఆ రోజుల లెక్కే నడుస్తోంది.

మన పిల్ల ఫైలు నేను చూశాను. మార్పిడికి ముందు ఏళ్ళ తరబడి రోజూ ఫోలిక్ ఆమ్లం మాత్ర. మార్పిడి తర్వాత మెథోట్రెక్సేట్. రెండూ ఆ భీమవరం మనిషి చేతిమీదుగా వచ్చినవే. మన జిల్లాలో ఇంటింటికీ వచ్చి మింగిస్తారే బోదకాలు మాత్రలు, వాటిలోని డీఈసీ కూడా ఆయన హయాంలో లెడర్లీలో తయారైందే. ఆయన ఫొటో మన సంఘం గదిలో లేదు. సినిమావాళ్ళవి మూడున్నాయి. దీని గురించి నేను మళ్ళీ మాట్లాడతాను.

ఇంత చేసినా 1977లో థామస్ ప్రచురించిన లెక్క చూడండి. అన్ని మందులూ అయిపోయిన 100 మంది రక్త క్యాన్సరు రోగులకు మార్పిడి చేస్తే బతికి ఉన్నవాళ్ళు 13 మంది. ఆ రోజుల్లో ఆ సంఖ్యే అద్భుతం. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన భార్య డాటీ జీవితమంతా ఆయన ప్రయోగశాలలో పక్కనే పనిచేసింది. ఆమెను మూలుగ మార్పిడికి తల్లి అని పిలిచేవాళ్ళు.

నేను చెప్పదలచుకున్నది ఆ పదమూడు మంది గురించి, వాళ్ళ తర్వాత బతికినవాళ్ళ గురించి. మార్పిడి చరిత్ర ఎక్కడ చదివినా డాక్టర్ల పేర్లే. కానీ మార్పిడి తర్వాత ఎలా బతకాలో డాక్టర్లకు కూడా ముందు తెలియదు. బతికినవాళ్ళను ఏళ్ళ తరబడి పిలిచి చూస్తూ, వాళ్ళకు ఏమవుతోందో రాసుకుంటూ నేర్చుకున్నారు. కళ్ళు ఎండిపోవడం, నోరు ఎండిపోవడం, చర్మం బిగుసుకుపోవడం, ఊపిరి అందకపోవడం అన్నీ ఆ దాడి నిదానంగా సాగే రూపమని అలాగే తెలిసింది. రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు కంట్లో శుక్లాలు, థైరాయిడ్ తక్కువవడం, పిల్లలు పుట్టకపోవడం. ఏళ్ళు గడిచాక ఇంకో క్యాన్సరు వచ్చే అవకాశం. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల శక్తి పోతుంది, అన్నీ మళ్ళీ వేయాలి. మామూలు టీకాలు ఆరు నెలలు దాటాక మొదలవుతాయి. బతికున్న క్రిమితో చేసే మీజిల్స్ వంటివి రెండేళ్ళు నిండాకే, అదీ నిరోధక శక్తిని అణిచే మందులు ఆపేసి ఉంటేనే. మన పిల్ల బడికెళ్ళే వయసులో పసిపిల్లల టీకా కార్డు పట్టుకుని తిరుగుతోంది. దానికి మహా సిగ్గు.

థలసీమియా విషయంలో ఇటలీ చెప్పే పాఠం వేరు. 1981 డిసెంబరులో సియాటెల్‌లోనూ, ఇటలీలోని పెసారోలోనూ థలసీమియాకు మొదటి మార్పిడులు జరిగాయి. పెసారోలో గీడో లుకరెల్లి ఆ తర్వాత వందల పిల్లలకు చేశాడు. జబ్బు పోయినవాళ్ళను ఏమని పిలవాలన్న ప్రశ్న అక్కడే వచ్చింది. ఆరోగ్యవంతులు అనలేరు, ఎందుకంటే అన్నేళ్ళు ఎక్కించిన రక్తంలోని ఇనుము కాలేయంలో, గుండెలో పేరుకునే ఉంటుంది. రోగులు అనడానికీ లేదు. అందుకని మాజీ థలసీమియావాళ్ళు అన్నారు, మాజీ సర్పంచి అన్నట్టు. ఆ ఇనుము దించడానికి వాళ్ళు కనిపెట్టిన సులువైన దారి, కొంచెం కొంచెంగా రక్తం తీసేయడం. ఒంట్లో కొత్త రక్తం పుట్టేటప్పుడు పేరుకున్న ఇనుమును వాడుకుంటుంది. రక్తం కోసం మనం అర్ధరాత్రి ఫోన్లు చేసుకున్న పిల్లకు ఈ వేసవి నుంచి రక్తం తీస్తున్నారు. ఆ సంగతి చెబుతూ వాళ్ళ నాన్న నవ్వాడు, తర్వాత ఏడ్చాడు.

మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో డాక్టర్ సురేశ్ అద్వానీ చేశారు. రక్త క్యాన్సరుతో ఉన్న చిన్నపిల్లకు సోదరుడి మూలుగ. 1986లో వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మామెన్ చాండీ మొదలుపెట్టారు. చాలాకాలం మనలాంటివాళ్ళకు ఇది వినికిడి మాటే. ఖర్చు లక్షల్లో. బల్లార్షాలో రైలెక్కి దక్షిణానికి పోయిన కుటుంబాలు కొన్ని పరీక్షలు చేయించుకుని, అంకె విని, అదే రైల్లో తిరిగొచ్చాయి. అటువంటి ఒక కుటుంబాన్ని నేనే స్టేషనులో దించుకొచ్చాను, చాలా ఏళ్ళ కింద.

2017లో కోల్ ఇండియా, కేంద్ర ఆరోగ్య శాఖతో కలిసి థలసీమియా బాల సేవా యోజన మొదలుపెట్టింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మూలుగ కలిసిన పేద పిల్లలకు మార్పిడి కోసం 10 లక్షల వరకు సాయం. మన తాతలు కరీంనగర్ నుంచి, ఆదిలాబాదు నుంచి బొగ్గు కోసమే ఇక్కడికొచ్చారు. మన ఘుగ్గూస్, బల్లార్పూర్, రాజురా తెలుగువాళ్ళలో ఆ బొగ్గు దుమ్ము మింగని ఇల్లు లేదు. ఆ బొగ్గు డబ్బే తిరిగి ఒక పిల్ల ఒంట్లోకి వెళ్ళడం నాకు న్యాయంగానే అనిపించింది. ఈ పథకం గురించి ఇంకా తెలియనివాళ్ళు ఉంటే అడగండి, కాగితాలు ఎలా పెట్టాలో ఆ తండ్రి చెబుతానన్నాడు.

కానీ ఆ దుమ్మే తర్వాత శత్రువు. మార్పిడి అయిన మొదటి నెలల్లో తెల్ల కణాలు పసిగుడ్డులాంటివి. మట్టిలో, పాత గోడల పొడిలో, కుళ్ళిన ఆకుల్లో, తాజా పూల మీద ఉండే బూజు మనల్ని ఏమీ చేయదు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో మాత్రం మొలుస్తుంది. మన బంతిపూల దండ సంగతి ఇప్పుడు అర్థమైందా? తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ మూడు వందల మంది. ఆ తల్లి గుమ్మంలో నిలబడింది అందుకు. ఎండ కూడా పడదు, ఎండ తగిలితే చర్మం మీద ఆ దాడి మళ్ళీ లేవవచ్చు. మన చంద్రపూర్ వేసవి గురించి నేను మీకు చెప్పాలా. కిటికీలకు తడి గోనెలు కడదామంటే బూజు భయం, కూలరు పెడదామంటే అందులో నిలవ నీళ్ళ భయం. కాచి చల్లార్చిన నీళ్ళు, వేడివేడిగా వండిన అన్నం, గడపలో సబ్బు. తిండి విషయంలో పాత కట్టుబాట్లలో కొన్ని అంత అవసరం లేదని ఈమధ్య ఇటలీలో చేసిన ఒక పరీక్షలో తేలిందట. చేతులు కడుక్కోవడం గురించి మాత్రం ఎవరూ వెనక్కి తగ్గలేదు.

ఇంకో రెండు సంగతులు, ఎందుకంటే వీటి మీద మన ఆడవాళ్ళ మధ్య రకరకాల మాటలు నడుస్తున్నాయి. ఒకటి, ఈ జబ్బు గాని, ఈ మార్పిడి గాని అంటదు. ఆ ఇంటికి మనం దూరంగా ఉన్నది మన నుంచి పిల్లను కాపాడడానికి, పిల్ల నుంచి మనల్ని కాపాడుకోవడానికి కాదు. రెండోది సంబంధాల మాట. ఆ పిల్లకు ఇంకా పదేళ్ళు దాటలేదు, అప్పుడే "రేపు పెళ్ళెలా" అంటున్నారు. మార్పిడితో మారేది రక్తం. పుట్టుకతో వచ్చిన జన్యువు మిగతా ఒంట్లో అలాగే ఉంటుంది, కాబట్టి తన పిల్లలకు అది చేరుతుంది. చేసుకోబోయేవాడు పరీక్ష చేయించుకుని, అతనిలో ఆ జన్యువు లేకపోతే పుట్టే పిల్లలకు ఈ జబ్బు రాదు. ఆ పరీక్ష అసలు మనందరం పెళ్ళికి ముందు చేయించుకోవాల్సింది. ఈ జిల్లాలో, పక్కన గడ్చిరోలిలో సికిల్ సెల్ కూడా ఉంది, దానికీ ఇదే లెక్క. జాతకాలు కలిపే శ్రద్ధలో నాలుగో వంతు చాలు.

క్యాన్సరుకు ఇప్పుడు ఇంకో కణాల వైద్యం వచ్చింది, కార్-టి అంటారు. రోగి తెల్ల కణాలనే తీసి, క్యాన్సరును గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కిస్తారు. పిల్లల్లో మొదటిసారి 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్‌కు చేశారు. మన దేశంలో తయారైన నెక్స్‌కార్19ను 2024 ఏప్రిల్ 4న ఐఐటీ బొంబాయిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించారు. అది చేయించుకున్నవాళ్ళకూ ఇంటికొచ్చాక క్రిముల భయం, తరచూ పరీక్షలు తప్పవు. వాళ్ళను పదిహేనేళ్ళ దాకా గమనిస్తుండాలని నియమం ఉంది. రేపు మన ఊరికి అలాంటివాళ్ళూ తిరిగొస్తారు.

పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. లోపలికి రానిచ్చారు. అణిచే మందు ఆపేశారు, జుట్టు ఒత్తుగా వచ్చింది, ముందరికన్నా వంకీలు తిరిగింది. ఈసారి బతుకమ్మకు వస్తుంది, మాస్కు పెట్టుకుని, గుంపుకు కొంచెం ఎడంగా, ఒక గంట సేపు. పూలు తను పేర్చదు, డాక్టరమ్మ అంతవరకే ఒప్పుకుంది. పోయినేడు నేను రాసిన మాటకు ఆ చెల్లెకు క్షమాపణ చెప్పాను. "వదిన అప్పుడే చెప్పింది లెండి, మీరు రాత్రంతా పడుకోలేదని" అంది.

నేను మన రక్తదాతల పుస్తకం వెంట తీసుకెళ్ళాను. ఓ పాజిటివ్ పేజీలో పైనే ఎర్ర సిరాతో ఆ పిల్ల పేరు, కింద మీ అందరి పేర్లు ఉన్నాయి. ఇక అవసరం లేదు కదా, కొట్టేయనా అని అడిగాను. పిల్లే అడ్డొచ్చింది. "కొట్టేయకు మామా, పేజీ మార్చు. నాది ఇప్పుడు తమ్ముడి రక్తం, బీ పాజిటివ్" అంది. తల్లి పక్కనుంచి ఇంకో మాట రాయించింది. ఎప్పుడైనా ఎక్కించాల్సి వస్తే మామూలు సంచి పనికిరాదు, రేడియేషన్ పట్టించిన రక్తమే కావాలి, అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లో దొరకదు. బీ పాజిటివ్ పేజీలో రెండూ రాశాను. ఆ పేజీలో ఇప్పటికి పదకొండు పేర్లే ఉన్నాయి.